అవ్వ మొక్కిన జుట్టు

సత్యవేడులో నేను అద్దెకుంటున్న ఇంటి పక్కన ఒక రైతు కుటుంబం ఉంది. పోయిన నెల వాళ్ళ పిల్లకు జ్వరం పట్టుకుని రెండు వారాలైనా వదల్లేదు. ఒక సాయంత్రం ఆ తల్లి గోడ దగ్గరికి వచ్చి, "పంతులమ్మా, నీకూ చిన్నప్పుడు ఇదే జరం వొచ్చిందంట గదా. ఎట్ల పోయింది?" అని అడిగింది. నీళ్ళు కాచి తాపమన్నాను, గట్టి తిండి పెట్టొద్దన్నాను, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాను. అన్నీ నిజమే. కానీ ఆమె అడిగింది అది కాదని ఆమె కళ్ళు చూస్తే తెలుస్తూనే ఉంది.

ఆ పిల్ల ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. వాళ్ళమ్మ అడిగిన మాటకు మాత్రం నేనింకా జవాబు చెప్పలేదు, అందుకే ఇది రాస్తున్నాను. ఆమెకు చదువు రాదు. నేనే చదివి వినిపించాలి. 

మాది వడమాలపేట దగ్గర, ఊరికి ఎడంగా, వంకకు ఇవతల ఉండే పల్లె. మా వైపు పల్లె అంటే అంటరానివాళ్ళని వెలిగా ఉంచిన వాడ. వంక అవతలి బావిలో మా వాళ్ళు చేద వేయకూడదు. నాయన మిషను బడిలో చదువుకుని, క్రైస్తవుడై, ఆ బడిలోనే పంతులయ్యాడు. దేవదానం మాస్టరంటే ఊళ్ళో వాళ్ళు కూడా కాస్త మర్యాదగా మాట్లాడేవారు. ఆయన బాప్తిస్మం తీసుకున్న రోజే వాళ్ళమ్మకు కూడా ఇప్పించాడు. సంఘం పుస్తకంలో మా అవ్వ పేరు మార్త. ఎవరైనా "మార్తమ్మా" అని పిలిస్తే, వెనక ఇంకెవరో ఉన్నారేమోనని తిరిగి చూసేది. మునెమ్మ అంటేనే పలికేది. కొడుకును దేవదానమని ఆమె ఒక్కసారి కూడా పిలవలేదు. కన్నప్పుడు పెట్టిన పేరు మునస్వామి, అందుకని మునిగా అనే పిలిచేది.

మా అమ్మ నాకు రెండేళ్ళప్పుడే పోయింది. నన్ను పెంచింది అవ్వే. నా జుట్టును పెంచింది కూడా ఆమే. ఆముదం పట్టించి, చిక్కు తీసి, సందు లేకుండా జడ వేసేది. పదిహేనేళ్ళకే నా జడ నడుం దాటింది. బడిలో నేను లెక్కల్లో మొద్దునైనా జడలో మొదటిదాన్నని నాయన ఎగతాళి చేసేవాడు.

1943, ఆడి నెల, అంటే జూలై ఆఖరు. ఆడికృత్తిక పండక్కి మొక్కుబడి కావళ్ళు తిరుత్తణికి పోతున్నాయి. రోడ్డు వెంబడి "అరోహరా" అని అరుపులు. నాకు తలనొప్పితో మొదలైంది. చలిజ్వరమేలే అనుకుని పుత్తూరు నుంచి తెచ్చిన చేదు మందు పోశారు. జ్వరం తగ్గలేదు. పొద్దున కాస్త దిగినట్టే దిగి, సాయంత్రానికి ముందురోజు కంటే పైకెక్కేది. కావళ్ళు పోయాక కూడా చాలా రోజుల దాకా ఆ అరోహరా నా చెవుల్లో ఆగలేదు. ఇంటి దూలం కిందికి దిగొస్తున్నట్టు కనిపించి కేకలు పెట్టేదాన్నట. చచ్చిపోతానన్న భయం నాకు రాలేదు. నేను పోతే అవ్వ రేపట్నించి ఎవరికి తల దువ్వుతుందని మాత్రం ఏడుపొచ్చింది.

పదో రోజు నాయన బండి కట్టించాడు. చిత్తూరు వైపు ఒక మిషను ఆసుపత్రి ఉందనీ, అక్కడ డాక్టరు దొరసానమ్మ చేయి మంచిదనీ విన్నాడు. పుత్తూరులో రైలెక్కి రేణిగుంటలో మారాం. యుద్ధం రోజులు, బండి నిండా సిపాయిలు. వాళ్ళలో ఒకతను నన్ను చూసి, తన మూట తీసి కింద పెట్టి, బల్ల మొత్తం నాకు వదిలేశాడు. అతను ఏ భాష వాడో కూడా తెలియదు. ఈనాటికీ అతని కోసం ప్రార్థన చేస్తాను, పేరు లేకుండానే.

బండి తిరుపతి స్టేషన్లో ఆగింది. కిటికీలోంచి కొండ నిండుగా కనిపిస్తోంది. నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అవ్వ ఉన్నట్టుండి రెండు చేతులూ జోడించింది. ఆమె గొంతు నాకు బాగా వినిపించింది.

"సామీ, నువ్వు పైనుండావు, నేను కిందుండా. నిన్ను సూసింది లేదు, సూడబోయేదీ లేదు. అయినా నా మాట నీకు ఇనపడతాది. ఈ బిడ్డిని నాకియ్యి. దీని నెత్తిన ఉండే ఎంటికలు ఒగటి గూడా మిగల్చకుండా నీకిస్తా. కొండంత దేవునికి కొండంత పత్రి యాడ తెచ్చేది? మాకుండేది ఇదే."

"అమ్మా!" అన్నాడు నాయన. ఆయన చేతిలో బైబిలు తెరిచే ఉంది.

"నీ దేవునికి నువ్వు మొక్కుకోరా మునిగా. నేనేమన్నా వొద్దన్నానా?"

నాయన తల పక్కకు తిప్పుకున్నాడు. బండి కదిలింది.

ఆసుపత్రిలో ఆడవాళ్ళ గదికి పన్నెండు మంచాలు. చుట్టూ వసారా. రోగుల తాలూకు వాళ్ళంతా ఆ వసారాలోనే మూడేసి రాళ్ళు పెట్టుకుని వండుకుని, తిని, పడుకునేవాళ్ళు. జబ్బులో రోగికి పనేమీ ఉండదు. పనంతా బయట కూర్చున్న వాళ్ళదే. లోపలి నుంచి ఎవరు వచ్చినా వాళ్ళ మొహం చదవాలి, అర్థం కాకపోతే పక్కవాళ్ళను అడగాలి, వాళ్ళు చెప్పిన దానికి భయపడాలి. నాయన బడికి సెలవు పెట్టి నాలుగు రోజులుండి వెళ్ళి, మళ్ళీ ప్రతి శనివారం వచ్చేవాడు. అవ్వ మాత్రం కదల్లేదు.

నాకు జ్వరం మరీ పెరిగిన రోజు దొరసానమ్మ నా జుట్టు తీసేయమంది. తల మీద తడిగుడ్డలు వేస్తుంటే ఆ జుట్టులోనే వేడంతా నిలుస్తోందట. రూతమ్మ అనే నర్సు కత్తెర తెచ్చింది. కత్తెర చప్పుడు నాకు కలలో విన్నట్టు గుర్తుంది. అవ్వ పెట్టిన కేక మాత్రం స్పష్టంగా గుర్తుంది.

"అయ్యో, అది మీది గాదమ్మా! అది ఆయనది! ఇచ్చేసినాను నేను, మాట ఇచ్చేసినాను!"

రూతమ్మకు అర్థం కాలేదు. జ్వరం బిడ్డకైతే పిచ్చి ముసలమ్మకు పట్టిందనుకుని, పని ముగించి, జుట్టంతా ఊడ్చి బయట చెత్తకుండీలో వేయించింది. మొక్కిన జుట్టు మీద కత్తెర పడకూడదు. ఒక్క వెంట్రుకైనా సామి పేరు చెప్పాకే తీయాలి. మా అవ్వ లెక్కలో దొరసానమ్మ సామి సొత్తు దోచుకుంది. ఆయన ఇప్పుడు కోపంతో జుట్టుకు బదులు నన్నే తీసుకుపోతాడు. అందుకని ఆమె చెత్తకుండీలో దిగి, నెత్తురు గుడ్డల మధ్య నుంచి నా వెంట్రుకలు ఏరుకుంది. కడిగి, వసారాలో ఆరబెట్టి, తన చీర చెంగు చింపి మూట కట్టి నా మంచం కింద దాచింది.

మూడో రోజు రూతమ్మ మంచం కింద ఊడుస్తుంటే మూట చీపురుకు తగిలింది.

"అవ్వా, ఏందిది?"

అవ్వ మూట మీద చేయి వేసింది. తర్వాత ఉన్నదంతా చెప్పింది, కొండ మొక్కుతో సహా. మిషను ఆసుపత్రిలో, మిషను పంతులు తల్లి. ఆ మూట పట్టుకుని రూతమ్మ దొరసానమ్మ దగ్గరికి పోతే నాయన ఉద్యోగం పోయేది. మూట ఎత్తుకుని వెళ్ళింది కూడా. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కాసేపటికి రూతమ్మ ఒక బిస్కట్ల డబ్బా తెచ్చింది, పాతదే, మూత మీద గులాబీ పువ్వుల బొమ్మ. మూట అందులోనే ఉంది.

"గుడ్డలో పెడితే ఎలుకలు కొడతాయవ్వా. దీంట్లో పెట్టుకో. డబ్బాకు మందు వాసన పోలేదు, రెండు యాపాకులెయ్యి" అంది. చీపురు తీసుకుని తన పనిలో పడింది. రూతమ్మ ప్రతి ఉదయం ప్రార్థనలో అందరికంటే ముందు మోకరించే మనిషి. అలాంటి వాళ్ళను నేను తర్వాత ఎక్కువమందిని చూడలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. భయపెట్టడానికి కాదు, జాగ్రత్త కోసమే. నా పక్క మంచంలో చంద్రగిరి నుంచి వచ్చిన లక్ష్మి ఉండేది. నా వయసే, నా జ్వరమే. ఆమెకు నాకంటే ముందే జ్వరం దిగింది. దిగాక ఆకలి మొదలైంది. ఈ జ్వరం పోయేటప్పుడు వచ్చే ఆకలి ఎలాంటిదో పడ్డవాళ్ళకే తెలుసు. గోడ సున్నం కూడా తినబుద్ధవుతుంది. "బార్లీ నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వొద్దు, లోపల పేగు పచ్చిపుండుగా ఉంది" అని దొరసానమ్మ ఒకటికి పదిసార్లు చెప్పింది. కానీ కూతురు "అన్నం మా, ఒక్క ముద్ద మా" అని ఏడుస్తుంటే వాళ్ళమ్మ చెంగమ్మ ఎంతని తట్టుకుంటుంది? ఒక మధ్యాహ్నం కొంగు చాటున ఇంత రాగిసంగటి పెట్టింది. మర్నాటి సాయంత్రానికి లక్ష్మి లేదు.

చెంగమ్మ అరుపు ఆపకుండా, "నేనే, నేనే, ఈ సేత్తోనే" అంటూ తన కుడిచేతిని నేలకేసి కొట్టుకుంది. అవ్వే వెళ్ళి ఆ చేతిని పట్టుకుంది. "ప్రేమతో పెట్టినావు గదమ్మా, నీకేం తెల్సు" అంటూ చాలాసేపు ఆ చేతిని వదల్లేదు. తర్వాత నా దగ్గరికి వచ్చి, నడుముకు చెక్కుకున్న గుడ్డలోంచి ఒక ఇడ్లీ తీసింది. ఆ రోజు నాకోసం ఎవరినో అడిగి తెచ్చి దాచిన ఇడ్లీ. దాన్ని కిటికీలోంచి కాకులకు విసిరేసింది. లంఖణం పరమౌషధమని పెద్దలు ఊరికే అనలేదు. ఈ జ్వరంలో బిడ్డ ఆకలని ఏడిస్తే మీరు కూడా ఏడవండి, ముద్ద మాత్రం పెట్టకండి.

ఇరవై మూడో రోజు నాకు చెమట పట్టింది. పక్క తడిసిపోయింది. రూతమ్మ నుదురు పట్టిచూసి, మళ్ళీ పట్టిచూసి, నవ్వింది. మూడు వారాలు గడిస్తే ఈ జ్వరం తనంతట తానే దిగుతుందని దొరసానమ్మ చెప్పింది. తన ఉపవాస ప్రార్థన ఆ ఉదయమే ముగిసిందనీ, దేవుడు విన్నాడనీ నాయన అన్నాడు. అవ్వ డబ్బా మూత మీద చేయి పెట్టుకుని కూర్చుంది. ఒక్క జ్వరానికి ముగ్గురు హక్కుదార్లు! నాకు నవ్వొచ్చింది, నవ్వే ఓపిక లేక ఊరుకున్నాను.

నీళ్ళ పళ్ళెంలో నా మొహం చూసుకున్నది ఆ వారంలోనే. కత్తిరించాక మిగిలిన కాస్త జుట్టు కూడా జ్వరం ఊడ్చుకుపోయింది. బోడితల, లోపలికి పోయిన కళ్ళు. నేను దుప్పటి కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. నాయన భుజం మీది తువ్వాలు తీసి నా తలకు చుట్టి, చెవుల వెనక దోపి, "ఎంటికలు గదా పాపా, మళ్ళా వస్తాయిలే" అన్నాడు. పంతులు గొంతు కాదది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

సెప్టెంబరులో, పెరటాసి నెలలో ఇల్లు చేరాం. తిరుమల శనివారాలు. ఊళ్ళో వాళ్ళంతా నామాలు పెట్టుకుని కొండకు పోతున్నారు. నా తల మీద జుట్టు గరుకుగా మొలుస్తోంది. అవ్వ రోజూ దాన్ని తడిమి చూసుకునేది. ఒక రోజు అన్నం తింటున్న కొడుకు ముందు కూర్చుని అడిగింది.

"మునిగా, అలిపిరి దాకా పొయ్యొస్తామురా. పిల్లకు గుండు గీయించి, డబ్బాలో ఎంటికలు గూడా ఆడనే ఇచ్చేసి వస్తాము."

"వొద్దు."

"మాట ఇచ్చినాను గదరా."

"సంఘపెద్దలకు తెలిస్తే ఈ ఇల్లూ ఉండదు, బడీ ఉండదు."

"నీ ఉద్దోగం నీకు పెద్దదేరా. నాకు ఈ బిడ్డి పెద్దది. ఇయ్యకపోతే ఆయన ఊరుకోడు."

నాయన కంచంలో చేయి కడిగేసుకున్నాడు. ఉద్యోగం ఒక్కటే కారణం కాదని నాకు ఆ రోజే తెలిసింది. ఆయన చెప్పింది అవ్వకు కాదు, నాకు.

మా వాళ్ళు కొండెక్కకూడదు. మొక్కు ఉంటే అలిపిరిలో మొదటి మెట్టుకు ఇవతలే నిలబడి టెంకాయ కొట్టి, పైకి చూసి దండం పెట్టి తిరిగి రావాలి. మంగలి మమ్మల్ని ముట్టడు కాబట్టి గుండు గీయడానికి కూడా మేనమామే కత్తి పట్టాలి. నాయనకు ఏడేళ్ళప్పుడు అమ్మవారు పోసి బతికితే, అవ్వ ఆయన్ని అలాగే తీసుకెళ్ళింది. మేనమామకు చేయి తిరగక తల నాలుగు చోట్ల తెగింది. నెత్తురు తుడుచుకుంటూ పిల్లవాడు పైకి పోయే జనాన్ని చూసి, "పైన ఎట్లుంటాది మా?" అని అడిగాడు. "నాకు తెలీదురా. సూసినోల్లను అడగాల" అంది అవ్వ. వాడు చూద్దామనుకుని మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. ఎవరో పెద్దమనిషి చేతికర్రతో ఆ కాలి పక్కనే మెట్టు మీద కొట్టాడు.

"నన్ను కొట్టలేదు పాపా. మెట్టునే కొట్టినాడు" అన్నాడు నాయన. "నాకు దానిమీద కోపం లేదు. మాయమ్మ ఆయన ముందర వొంగి, తప్పయిపోయింది సామీ, బిడ్డకు తెలీదు సామీ అని దండం పెట్టినాది. అది నేను మరిసిపోలేదు. ఆ మెట్టు కాడ నిలబడి పైకి సూసే బతుకు నా బిడ్డకొద్దు."

అవ్వ తల వంచుకుని విన్నది. "తప్పయిపోయిందనకపోతే నిన్ను కొట్టేవాడు గదరా" అని మెల్లిగా అంది. ఇద్దరిలో ఎవరిది తప్పని చెప్పను? ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. కానీ నా జుట్టుకు అవ్వ మళ్ళీ జడ వేయలేదు. నూనె రాసేది, దువ్వేది, చివర ముడి వేసి వదిలేసేది. పరాయి వాళ్ళ వస్తువును జాగ్రత్త పెట్టినట్టు చూసేది. ఏటా ఆడి నెలలో డబ్బాలో వేపాకులు మార్చేది.

1946 చలికాలంలో అవ్వకు దగ్గు పట్టింది. ఆసుపత్రి వద్దంది. చివరి రెండు రోజులు డబ్బా తన పక్కనే పెట్టుకుంది. నాకు ఇస్తుందనుకున్నాను, నాయన చేతిలో పెట్టింది.

"మునిగా, నువ్వు ఇయ్యకపోతే మానె. పారెయ్యాకు నాయనా."

"పారెయ్యనుమా" అన్నాడు నాయన.

మార్తమ్మ అనే పేరుతోనే ఆమెను పూడ్చారు. సమాధి దగ్గర నాయన గొంతు వణక్కుండా కీర్తన ఎత్తాడు, కంట నీళ్ళు రాలేదు. ఎంత గట్టి గుండె అని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆయన మీద కోపం వచ్చింది. ఆమె ఒక్క కోరిక, అలిపిరి దాకా ఒక్క రోజు ప్రయాణం. ఆ కోపం నాలో నెలల తరబడి ఉంది, దాచడం ఎందుకు?

జబ్బు పోయినా దాని భయం పోదు. మరుసటి వేసవిలో నేను ట్రైనింగు బడి నుంచి సెలవులకు వచ్చినప్పుడు ఒళ్ళు వెచ్చబడింది. మామూలు జలుబే అయ్యుండొచ్చు. కానీ సాయంత్రానికి తలనొప్పి మొదలయ్యేసరికి దూలం వైపు చూడ్డానికి భయమేసింది. నాయన నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాడు. మధ్య మధ్యలో ఆయన కళ్ళు బీరువా మీదికి పోతున్నాయి. అక్కడ బైబిలు పక్కన డబ్బా ఉంది. నేను చూస్తున్నానని తెలిసి చప్పున తల తిప్పుకున్నాడు. రైల్లో తిప్పుకున్నట్టే. నాలుగో రోజు జ్వరం పోయింది. ఆయన మీద నా కోపం కూడా అప్పుడే చాలావరకు పోయింది. ఎవరి భయం వాళ్ళు మోస్తున్నారు.

గుళ్ళలోకి అందరినీ రానివ్వాలని చట్టం వచ్చిందని నాయన పత్రికలో చదివాడు. పత్రిక మడిచి డబ్బా కింద పెట్టాడు. ఆ మరుసటి ఏడు పెరటాసిలో, నేను ఉద్యోగంలో చేరడానికి ముందు, ఒక రోజు తెల్లవారే లేచి డబ్బా కిందికి దించి, దుమ్ము తుడిచి, "పద పాపా, పొయ్యొస్తాము" అన్నాడు.

"సంఘపెద్దలు?"

"అడిగితే, మాయమ్మ మొక్కు అని సెప్తా."

అడిగారు, ఆయన అదే చెప్పాడు. ఆర్నెల్లు ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, రావొద్దన్నారు. ఆ ఆర్నెల్లూ ఆదివారం ఆదివారం మా మిషను గుడిలో చివరి వరసలో కూర్చుని వచ్చాడు.

అలిపిరి చేరేసరికి ఎండ ఇంకా రాలేదు. జనం గోవిందా గోవిందా అంటూ ఎక్కుతున్నారు. మొదటి మెట్టుకు నాలుగడుగుల దూరంలో నాయన ఆగాడు. డబ్బా నా చేతికిచ్చాడు.

"నువ్వు రావా నాయనా?"

"నాకు ఆయన్తో పని లేదు పాపా. నా దేవుడు నాకుండాడు." పక్కనున్న రాతి మీద కూర్చుంటూ అన్నాడు. "మాయమ్మ ఈడ దాకే వొచ్చింది. నేనూ ఈడనే ఉంటా."

నేను మెట్టు మీద కాలు పెట్టాను. నిజం చెప్పాలంటే, కర్ర చప్పుడు వినిపిస్తుందేమోనని ఒక్క క్షణం ఆగాను. వెనక నుంచి ఎవరో ముసలావిడ "నడువు మే, దావకడ్డంగా నిలబడినావు" అని కసురుకుంది. ఆ కసురు నాకెంత తియ్యగా ఉందో చెప్పలేను.

పైన గుండ్లు గీసే చోట ఒక పెద్దాయన ముందు కూర్చున్నాను. "పెండ్లి గాని పిల్లవి, మూడు కత్తెర్లు ఇయ్యి సాలు" అన్నాడు.

"మాయవ్వ మూడు కత్తెర్లు మొక్కలేదు."

"యా ఊరు?"

"వడమాలపేట కాడ."

"ఊర్లోనేనా?"

"కాదు. పల్లె."

కత్తి నూరుతున్న చేయి ఆగింది. చట్టం కాగితం మీద ఉంది, కత్తి ఆయన చేతిలో ఉంది.  ఆయన నా ఒళ్ళోని డబ్బా చూసి అదేంటని అడిగాడు. చెప్పాను. జ్వరం, ఆసుపత్రి, కత్తెర, చెత్తకుండీ అన్నీ చెప్పాను. మూత తీసి చూపించాను. వేపాకుల మధ్య అయిదేళ్ళ నాటి నా జుట్టు, నూనె పోయి ఎర్రబారింది.

"మీయవ్వ రాలేదా?"

"లేదు. పోయింది."

ఆయన కత్తి పక్కన పెట్టాడు. తర్వాత డబ్బాలోని జుట్టును రెండు చేతులతో తీసి, అందరి వెంట్రుకలు పోగైన చోట పెట్టాడు. చెంబుతో నీళ్ళు తెచ్చుకుని, "తల వొంచు పాపా" అన్నాడు. ఒక్క గాటు కూడా పడలేదు.

గుళ్ళో ఏం చూశావని అడిగితే గట్టిగా చెప్పలేను. ఆ తోపులాటలో దీపాల వెలుగు, పూల దండలు, రెప్పపాటు. దండం పెట్టుకుంటుంటే నాకు రైలు కిటికీ దగ్గర అవ్వ చేతులే కనిపించాయి. యేసుప్రభువును కూడా తలుచుకున్నాను. ఎవరి ఇంట్లో ఎవరిని తలుచుకోకూడదో నాకు తెలియదు. జ్వరం ఎవరు తగ్గించారో కూడా తెలియదు. నా పక్కన ఎవరెవరు కూర్చున్నారో మాత్రం బాగా తెలుసు. పక్కింటి తల్లీ, నువ్వడిగిన దానికి నా దగ్గరున్న జవాబు ఇంతే.

దిగేసరికి పొద్దు వాలుతోంది. నాయన అదే రాతి మీద, మెట్ల వైపే చూస్తూ కూర్చుని ఉన్నాడు. పొద్దున కట్టుకొచ్చిన అన్నం మూట విప్పనేలేదు. నన్ను చూసి లేచాడు. నా తల చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి నా తలకు చుట్టి, చెవుల వెనక దోపాడు.

"ఎంటికలు గదా పాపా..."

మిగతా మాట రాలేదు. పెదవులు కదిలాయి. "మాయమ్మ" అన్నాడు, అంతే, ఆ రాతి మీదే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. సమాధి దగ్గర ఏడవని ఏడుపంతా అక్కడ ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోలేదు.

చీకటి పడకముందే స్టేషను వైపు నడిచాం. ఖాళీ డబ్బా ఆయన చంకలో ఉంది. సగం దారి నడిచాం. తర్వాత, నా వైపు చూడకుండానే, అడిగాడు.

"పైన ఎట్లుంటాది పాపా?"

మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టి చెప్పాను. స్టేషను వచ్చినా అయిపోలేదు. ఆయన బండెక్కి కూర్చుని, "ఆ, తర్వాత?" అన్నాడు.